బాపు గొంతు గురించి అక్కకు

టొరంటో

అక్కా,

మీరంతా బాగున్నారనుకుంటున్నా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో నువ్వు రాయనే లేదు.

"నౌకరీ చేసుకుంట సినిమా ఏంది?" అని బావ నవ్వాడట కదా. పెద్దదేం కాదు, ఇరవై నిమిషాల సినిమా. శని, ఆదివారాల్లో మా అపార్ట్‌మెంట్‌లోనే తీస్తున్నాం. కాజీపేట డీజిల్ కాలనీలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ, ఆమె ఫోన్లో కొడుకు పెట్టించిన ఏఐ. అంతే కథ. రోబోలకు, గ్రాఫిక్స్‌కు మా దగ్గర డబ్బుల్లేవు. ఒక గది, ఒక మనిషి, ఒక గొంతు చాలు. చిన్న సినిమాలవాళ్లంతా ఇలాంటి కథల మీద పడడానికి సగం కారణం ఈ తక్కువ ఖర్చేనని నా అనుమానం.

ఇద్దరు మాట్లాడుకునే సీన్ అయితే ఒకసారి ఈమె ముఖం, ఒకసారి ఆయన ముఖం చూపించి ఎడిటింగ్‌లో నెట్టుకురావచ్చు. ఫోన్‌కు ముఖమేది? కెమెరా ఆమె మీదే ఉండాలి. ఆ గొంతు వింటూ ఆమె ఏం ఊహించుకుంటుందో అదే సీన్. మొదట నిజం ఏఐతోనే మాట్లాడించాం. అది అన్నిటికీ అవునంటుంది, అడ్డం తిరగదు, సీన్ కదలదు. చివరికి డైలాగులు మేమే రాసుకుని, పక్క గదిలోంచి ఒక స్నేహితుడితో చెప్పించాం. మనవరాలి కోసం వచ్చిన కరీంనగర్ ఆంటీ వేస్తోంది టీచరమ్మ పాత్ర. అప్పుడు చూడాలి ఆమె యాక్టింగ్! యంత్రం మీద మమకారం చూపించడానికి తలుపు చాటున మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఈ మమకారం ఇప్పటిది కాదు. 1966లోనే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్, టైప్ చేస్తే జవాబిచ్చే ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను లోకానికి చూపించాడు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతకుమించి తెలివేం లేదు. అది తయారవుతుంటే దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు బయటికి వెళ్లమందట. నా కథలో టీచరమ్మ పక్కింటామెను పంపించేసే సీన్ అక్కడి నుంచి వచ్చిందే.

ఇక చిన్నోడు అడిగింది. పోయిన తాతయ్య, అదే మన బాపు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఇస్తే ఏఐ అచ్చం ఆయన గొంతుతో మాట్లాడుతుంది, సినిమాలో పెట్టు మామా అంటున్నాడు. చేయొచ్చు. 2015లో స్నేహితుడు చనిపోతే, యుజీనియా కుయ్డా అనే ఆమె అతని పాత మెసేజ్‌లతో, అతనిలా జవాబులిచ్చే చాట్‌బాట్ అనే ప్రోగ్రామ్ తయారు చేసింది. అతని దగ్గరివాళ్లలో కొందరికి ఊరటనిచ్చింది, కొందరికి అసలు నచ్చలేదు. నాకూ నచ్చదు. వార్తల టైంలో ఫోన్ చేస్తే "తర్వాత చెయ్ బిడ్డా" అని పెట్టేసే మనిషి బాపు. ఎప్పుడు చేసినా ఎత్తేది బాపు ఎట్లయితడు?

మన వరంగల్ మట్టెవాడ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఎంతమంది గొంతులు పలికించారు! 2001లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ స్టేజీ మీద ఆయన ఎదురుగా కనిపిస్తూనే ఉండేవారు. ఫోన్లోంచి బాపు గొంతు వస్తే అమ్మకు ఎవరు కనిపిస్తారు? అది యంత్రమని తెలిసినా ఆమె మనసు ఊరుకోదు. చిన్నోడు సరదాకు కూడా ఆమెకు వినిపించకుండా చూడు. ఆ మెసేజ్‌లు ఎవరికీ ఇవ్వకు.

నాకు కావాల్సినవి వేరే ఉన్నాయి. కాజీపేట స్టేషన్ అనౌన్స్‌మెంట్, పొద్దున పాలబండి, మన వాకిలి ఊడ్చే చప్పుడు రికార్డ్ చేసి పంపించు. ఒక్కోటి రెండు నిమిషాలైనా ఉండాలి. మధ్యలో కామెంటరీ చెప్పొద్దని బావకు గట్టిగా చెప్పు.

నీ తమ్ముడు