స్కానింగ్‌లో ఏమీ లేకున్నా కడుపునొప్పి నిజమే

సంపాదకులకు,

పిల్లవాడికి నెలకో రెండు నెలలకో ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంటే మన తిరుపతి ఇళ్లలో ముందు వాము నీళ్లు, తర్వాత నులిపురుగుల మాత్ర, ఆపైన స్కానింగ్. అందులోనూ ఏమీ లేదంటే ‘బడి ఎగ్గొట్టే వేషాలు’ అని తేల్చేస్తారు. అది కడుపు మైగ్రేన్ కావచ్చు, అంటే తలకు బదులు కడుపులో నొప్పిగా వచ్చే మైగ్రేన్. అది స్కానింగ్‌లో కనబడదు.

ఎక్కడ నొప్పి అని అడిగితే ఈ పిల్లలు వేలు పెట్టి చూపరు, బొడ్డు చుట్టూ అరచేయి తిప్పుతారు. ముఖం పాలిపోతుంది, అన్నం వాసన గిట్టదు, వాంతులు, వెలుతురు పడదు. గంటల తరబడి, ఒక్కోసారి మూడు రోజులు. తగ్గాక వారాల పాటు శుభ్రంగా ఆడుకుంటారు. ఇంట్లో ఎవరికో ఒకరికి తలనొప్పి మైగ్రేన్ ఉండటం మామూలే.

పేగుల గోడల్లో కోట్ల నాడీకణాలున్నాయి. వేగస్ నరం, వెన్నుపాము దారిన అవి మెదడుకు కబురు పంపుతుంటాయి. ఈ దారి అతిసున్నితమై, మామూలు పేగు కదలిక కూడా నొప్పిగా తోస్తుందని వైద్యుల అంచనా. నాడీకణాలు కబుర్లకు వాడే రసాయనం సెరటోనిన్. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది కనుక దానిమీదా అనుమానముంది. చిన్నపేగు నరాలు, బొడ్డు దగ్గరి చర్మం నరాలు వెన్నుపాములో ఒకేచోట చేరతాయి; అందుకే నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది.

పస్తు, నిద్ర చెడటం, ప్రయాణం, పరీక్షల భయం దీన్ని రేపుతాయి. దర్శనమయ్యాకే టిఫిన్ అంటూ పరగడుపున ఘాట్ రోడ్డు మలుపులు తిప్పితే పస్తు, ప్రయాణం రెండూ ఒకేసారి కలుస్తాయి. పిల్లలకు రెండు ఇడ్లీలు పెడితే స్వామివారేమీ అనుకోరు.

నొప్పి మొదలవగానే చీకటి గదిలో పడుకోబెట్టి పారాసెటమాల్ ఇవ్వాలి: కిలో బరువుకు 15 మి.గ్రా. 20 కిలోల బిడ్డకు 300 మి.గ్రా., అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ. సీసా మీద అంకె చూడండి, 125 రకమూ దొరుకుతుంది. చూద్దాంలే అని ఆలస్యం చేస్తే జీర్ణాశయం కదలిక మందగించి మందు ఒంటికి పట్టదు. తరచూ వస్తుంటే నివారణ మందులున్నాయి. ప్రొప్రనలాల్ మాత్రం ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు.

నొప్పి కుడివైపు కిందికి దిగినా, వాంతి ఆకుపచ్చగా ఉన్నా, విరేచనంలో రక్తం, జ్వరం ఉన్నా, మగపిల్లవాడికి వృషణం నొప్పిగా ఉన్నా మైగ్రేన్ అనుకుని కూర్చోకండి. ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

— ఒక పిల్లల వైద్యుడు, తిరుపతి