మన లాకులు మళ్ళీ తెరుచుకున్నాయి

తల్లిదండ్రులకు నమస్కారం.

పుస్తకాలు, యూనిఫాం సంగతులు క్లాసు టీచర్లు మీకు ఇప్పటికే చెప్పారు. అందుకని ఈ నెల ఉత్తరమంతా మన ఊరి కాలువ మీద, బాగుచేసి మళ్ళీ తెరిచిన లాకుల గురించే రాస్తున్నాను. మొన్న ఆదివారం వాటిని తెరిచినప్పుడు మీలో చాలామంది గట్టు మీదే ఉన్నారు గానీ, డప్పుల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ప్రసంగాలు కాస్త తగ్గించి ఉంటే బాగుండేది, ఎండలో నిలబడ్డది మన పిల్లలే.

ఈ లాకులు ఎందుకు కట్టారని అడిగితే మా తొమ్మిదో తరగతిలో సగం మంది “నీళ్లు ఆపడానికి” అన్నారు. అది కొంతవరకే నిజం. 1832లో వచ్చిన నందన కరువు, 1839 నాటి తుఫాను, ఉప్పెన ఈ సీమను కుదిపేశాయి. పక్కనే గోదావరి పారుతున్నా చేలకు నీళ్లు ఎక్కని రోజులవి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. కూలీలను కూడగట్టి ఆ పని నడిపించడంలో వీణెం వీరన్న గారి పాత్ర పెద్దది. ఆయన పేరు కూడా పిల్లలకు తెలియాలి. కాలువలు తవ్వినప్పుడే వాటిని సాగుకూ, పడవల రాకపోకలకూ కలిపి అనుకున్నారు. నేల వాలు తిరిగిన చోట నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. పడవ అలా దూకలేదు కదా! అందుకే లాకులు, అంటే రెండు చివరలా తలుపులున్న తొట్టిలో నీటి మట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే కట్టడం.

ఎనిమిదో తరగతి వాళ్లు దీనికి నమూనా చేశారు. మొదటిది అట్టతో చేసి నీళ్లు పోయగానే ముద్ద చేసేశారు. థర్మోకోల్‌తో చేసిన రెండోది నిలబడింది. పడవ పైకి ఎక్కాలంటే, అది తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసి, ఎగువ నుంచి చిన్న షట్టర్ల గుండా నీళ్లు వదులుతారు. లోపలి మట్టం పై మట్టంతో సమానమయ్యాకే ముందు తలుపులు కదులుతాయి. దిగేటప్పుడు ఇదే తిరగేసి. తలుపులు రెండూ ఎగువకి మొన తిరిగి కలుస్తాయి కాబట్టి నీటి బరువే వాటిని గట్టిగా మూసి ఉంచుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇది చూశాక పీడనం పాఠం నేను మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

బాగుచేత పనంతా వేసవిలో కాలువకు నీళ్లు ఆపేసిన రోజుల్లోనే జరిగింది. పాత గోడలకు ఎప్పుడో ఎవరో సిమెంటు పూశారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక ఇటుకల మొహాలు పొరలు పొరలుగా రాలిపోయాయి. మేస్త్రి ఆ సిమెంటంతా ఉలితో ఓపిగ్గా చెక్కించి, గానుగ పట్టిన సున్నంతోనే మళ్ళీ కట్టించారు. అందులో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతుంటే మా ఐదో తరగతి బుడతడొకడు “చీమలు పట్టవా మేస్త్రి గారూ?” అని అడిగాడు. “సున్నం ఘాటుకి చీమ దరిదాపులకు రాదురా, నువ్వూ చెయ్యి పెట్టకు” అన్నారాయన. ఆ కుర్రాడు ఇంటికెళ్లి వాళ్ల నాయనమ్మకు ఈ సంగతే నాలుగుసార్లు చెప్పాడట.

ఈ పనికి డబ్బు ఊళ్ళోవాళ్లూ, పై ఊళ్లలో స్థిరపడ్డ మన పాత విద్యార్థులూ వేసుకున్నారు. వాళ్లందరికీ బడి తరఫున కృతజ్ఞతలు. పక్కనున్న లాకు బంగళాకి కూడా పెంకులు మార్చి, లోపల చదువుకునే గది పెట్టారు. ఇకనుంచి శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లల్ని వంతులవారీగా అక్కడికి తీసుకెళ్తాం. అనుమతి పత్రం డైరీలో అంటించాం, సంతకం చేసి పంపండి.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి. తొట్టి గోడలు నిట్టనిలువుగా, పాచి పట్టి ఉంటాయి. పడితే పట్టుకోవడానికి మెట్టు కూడా లేదు. ఈతొచ్చినా సరే, పెద్దవాళ్లు లేకుండా పిల్లల్ని పంపకండి. తలుపుల మీద నడిచే చెక్క, లాకులు తెరిచి మూసే లస్కరు కోసం వేసింది, సెల్ఫీల కోసం కాదు. రెండోది ఫ్లెక్సీలు. మొన్నటి సంబరం కోసం కట్టినవాటికి కొత్త సున్నంలోనే మేకులు దిగ్గొట్టారు! పుట్టినరోజులకూ పెళ్లిళ్లకూ గుంజలు పాతి కట్టుకుందాం, ఆ గోడ జోలికి వద్దు.

ఇక ఒక కోరిక. ధాన్యం, కొబ్బరికాయలు పడవల్లో వెళ్లడం చూసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగిన తాతలు ఉంటే ఒక శనివారం బంగళాకి తీసుకురండి. పిల్లలు అడుగుతారు, వాళ్లు చెబుతారు, పదో తరగతి వాళ్లు రాసుకుంటారు. నడవలేనివారైతే మేమే ఇంటికి వస్తాం. పాత ఫొటోలు ఉంటే పంపండి, కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. వెనకవైపు మీ పేరు పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే సిరా ముందువైపుకి దిగిపోతుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు