తల్లికి గ్రేవ్స్, బిడ్డకు కామెర్లు: రాష్ట్ర ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గర్భిణిని "థైరాయిడ్ ఉందా?" అని అడిగితే చాలదు. "గ్రేవ్స్ వ్యాధి ఎప్పుడైనా వచ్చిందా?" అని అడగాలి. రక్తంలోని యాంటీబాడీలు (రక్షక ప్రోటీన్లు) పొరపాటున థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి, హార్మోన్‌ను అతిగా తయారు చేయించే వ్యాధి ఇది. ఆపరేషన్ అయినా, గ్రంథిని నశింపజేసే రేడియో అయోడిన్ తీసుకున్నా, ఇప్పుడు థైరాక్సిన్ మాత్రతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్) మామూలుగానే ఉన్నా, రక్తంలో యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు. అవి మాయ దాటి బిడ్డ థైరాయిడ్ గ్రంథినీ రెచ్చగొడతాయి. 20-24 వారాల్లో ట్రాబ్ పరీక్ష (ఆ యాంటీబాడీలను కొలిచే రక్తపరీక్ష) చేయిస్తే ముందే తెలుస్తుంది.

తల్లి థైరాయిడ్‌ను అణిచే కార్బిమజోల్ వాడుతుంటే మరో చిక్కు. ఆ మందు ప్రభావం బిడ్డలో కొద్దిరోజులే, యాంటీబాడీలు మాత్రం నెలల పాటు. అందుకే లక్షణాలు డిశ్చార్జి అయ్యాక బయటపడతాయి: గుండె వేగం, పాలు తాగినా పెరగని బరువు, ఉబ్బిన కాలేయం, కామెర్లు. డైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం శుద్ధి చేశాక పైత్యంలోకి పోవాల్సిన పసుపు పదార్థం) డెసిలీటరు రక్తంలో 1 మిల్లీగ్రాము దాటితే లైటు కింద పెట్టి లాభం లేదు. పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాల్సిందే. థైరాయిడ్ పరీక్షా అప్పుడే చేయాలి.

మడమ రక్తంతో చేసే స్క్రీనింగ్ పెరిగిన టీఎస్‌హెచ్‌నే పట్టుకుంటుంది. ఈ బిడ్డల్లో అది తగ్గుతుంది! కనుక ఇలాంటి తల్లుల బిడ్డలకు 3-5 రోజుల్లో, మళ్లీ 10-14 రోజుల్లో ఎఫ్‌టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్), టీఎస్‌హెచ్ చేయించండి. ఆశా కార్యకర్త 14వ రోజున ఎలాగూ ఇంటికి వెళ్తుంది. కామెర్లు, మలం రంగు, బరువు చూసి రాయమనండి.

ఇట్లు,
నవజాత శిశు వైద్య బృందం