ఇంట్లో చెప్పింది, మైకు ముందు ఎందుకు చెప్పలేదు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పాలనలో ప్రజల భాగస్వామ్యం గురించి పేపర్లో తరచూ చదువుతుంటాను. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఆ భాగస్వామ్యం మా ఊళ్లో ఎంతవరకు వచ్చి ఆగిందో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నా.

మా అమ్మ కరువు పనికి పోతుంది (ఉపాధి హామీ అని ప్రభుత్వం ఇన్నేళ్లుగా చెబుతున్నా మా దగ్గర అది కరువు పనే). పోయిన సామాజిక తనిఖీకి (పనుల లెక్కలు నిజమో కాదో కూలోళ్లనే అడిగి సరిచూసేది) తనిఖీ టీం నుంచి ఇద్దరు పిల్లోళ్లు మస్టర్ల, అంటే హాజరు పట్టీల, జిరాక్సులు పట్టుకుని మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చుని ఒక్కో పేరూ, ఒక్కో వారమూ చదివారు. అమ్మకు చదువు రాదు గానీ లెక్క తప్పదు. "నాకు నాలుగు దినాలే రాసినారా? ఆరు పోయింటి కదా" అంది. ఇంకో పేరు వినగానే నవ్వేసింది. "వాడు బెంగళూరులో ఆటో తోలుతుండాడు, ఊరికొచ్చి రెండేళ్లాయె. వాడెప్పుడు గుంత తవ్వినాడు నాయనా?" వాళ్లు అంతా రాసుకుని వేలిముద్ర వేయించుకుని పోయారు.

ఆ దొంగ పేరు వల్ల ప్రభుత్వానికి మాత్రమే నష్టం అనుకోకండి. తవ్విన మట్టిని కొలిచి, వచ్చిన మొత్తాన్ని మస్టర్లో ఉన్న పేర్ల మీద పంచుతారు. బెంగళూరు మనిషికి హాజరు పడిందంటే ఇక్కడ ఎండలో పార పట్టిన ప్రతి మనిషికీ కూలి తగ్గినట్టే. 2025-26లో మన రాష్ట్రానికి ప్రకటించిన కూలి రోజుకు 307 రూపాయలు. అది పూర్తిగా చేతికొచ్చిన వారం మా అమ్మకు గుర్తు లేదు.

తర్వాత తనిఖీలో బయటపడినవి అందరి ముందు విచారించడానికి మండలంలో ప్రజావేదిక పెట్టారు. ఒక రోజు పని మానుకుని, ఆటో చార్జీ పెట్టుకుని పోయాం. స్టేజీ మీద అధికారులు, కింద మేము, మాకు మూడడుగుల దూరంలో చేతులు కట్టుకుని మా ఊరి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు. అమ్మ పేరు పిలిచి మైకిచ్చారు. మైకు వంక చూసింది, ఆయన వంక చూసింది, "గుర్తు లేదు సామీ" అంది. సాక్షి మాట మార్చింది కాబట్టి ఆ అంశం అక్కడితో కొట్టేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను కోప్పడితే ఒకే మాట అంది: "రేపు పొద్దున పనికి పిలిచేది ఆయప్పే కదరా. నువ్వొచ్చి పిలుస్తావా?"

నా దగ్గర జవాబు లేదు.

చట్టంలో లోటేమీ లేదు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాశారు, 2011 నిబంధనలు ఆరు నెలలకోసారి ప్రతి పంచాయతీలో జరగాలన్నాయి. అసలు దేశంలో దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టిందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2006లో, మా జిల్లాలోనూ అప్పుడే చేశారు. 2009లో దీనికోసం వేరుగా సొసైటీ పెట్టారు, వేరే రాష్ట్రాల వాళ్లు వచ్చి నేర్చుకుని పోయారు. ఇంత చేసినా సమాచారం ఇంటి అరుగు దాకా వచ్చింది గానీ, అధికారం స్టేజీ మీదే ఉండిపోయింది. పైగా ఆ స్టేజీ మీద కూర్చుని ఏది తప్పో ఏది కాదో తేల్చేది ఎక్కువగా పథకం నడిపే వైపు వాళ్లే. పంచాయితీకి దిగిన రెండు పక్షాల్లో ఒకరే పెద్దమనిషిగా కూర్చుంటే ఏ ఊళ్లోనైనా ఒప్పుకుంటారా?

ఇంకో పక్క మా మీద నిఘాకు మాత్రం కొదవ లేదు. పనికి వచ్చిన వాళ్ల ఫోటో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరిలో రూలు పెట్టారు. సిగ్నల్ లేక మా మేట్ (కూలోళ్ల గుంపు పెద్ద) ఫోన్ పట్టుకుని గుట్టెక్కిన రోజులున్నాయి. ఫోటో ఎక్కకపోతే చేసిన పని చేయనట్టే. కూలోళ్ల ముఖం రోజుకు రెండుసార్లు ఢిల్లీకి పోతుంది, అధికారుల లెక్క మాకు ఆరు నెలలకోసారి, అదీ తనిఖీ టీం వస్తేనే కనబడుతుంది.

గ్రామసభ సంగతి కూడా అంతే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. మా ఊళ్లోనూ షామియానా వేశారు, జనం బాగానే వచ్చారు. తీర్మానం ముందే రాసుకొచ్చి చదివారు, మేం సంతకాలు పెట్టాం. మజ్జిగ మాత్రం బాగుంది.

నేనడిగేది కొత్త పథకమూ కాదు, కొత్త యాపూ కాదు. అరుగు మీద చెప్పి వేలిముద్ర వేసిన మాటను సాక్ష్యంగా తీసుకోండి, మళ్లీ ఆ మనిషి ఎదురుగా నిలబెట్టి చెప్పించకండి. మస్టర్ కాగితాలు తనిఖీకి వారం ముందు రచ్చబండ దగ్గర గోడకు అంటించండి, చదువుకున్న పిల్లోళ్లు చదివి వినిపిస్తారు. ప్రజావేదికలో తీర్పు చెప్పేవాళ్లు వేరే శాఖ నుంచో వేరే జిల్లా నుంచో రావాలి. అన్నిటికంటే ముఖ్యం, రేపు పనికి ఎవర్ని పిలవాలన్నది ఒక్క మనిషి నోటి మాట మీద నడవకూడదు. పని అడిగితే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. ఆ రసీదు చేతిలో ఉంటే మా అమ్మకు ఆయనతో పనేముంది?

తనిఖీ మళ్లీ వస్తే ఈసారైనా చెప్తావా అని మొన్న అడిగాను. చేటలో బియ్యం చెరుగుతూ "మైకు లేకుంటే చెప్తా" అంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం జిల్లా