నిజాయితీ దుకాణం మూయడం లేదు, కెమెరా పెట్టడం లేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మెట్ల కింద పిల్లలు నడుపుకునే నిజాయితీ దుకాణంలో (అమ్మేవాళ్లెవరూ ఉండరు, కావలసింది తీసుకుని డబ్బులు డబ్బాలో వేయడమే) ఈ నెల లెక్కకి 640 రూపాయలు తగ్గాయి. నేను చెప్పేలోపే ఈ సంగతి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేసింది, ఎవరు తీసి ఉంటారన్న తీర్పు కూడా అయిపోయింది, దుకాణం మూసేయాలనీ కెమెరా పెట్టాలనీ సలహాలూ వచ్చేశాయి. "ఉచిత సీట్ల పిల్లలు వచ్చాకే ఇలా" అని ఒకరు రాస్తే దానికి వరసగా బొటనవేళ్లు, అదీ రాత్రి పదకొండింటికి. ఆ ఫోన్లు పొద్దున్నే పిల్లల చేతుల్లోనే ఉంటాయండీ. మర్నాడు ఇంటర్వెల్‌లో నాలుగో తరగతి పిల్లాడొకడు పెన్సిల్ తీసుకుని, ఐదు రూపాయల బిళ్లని చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనబడేలా పైకెత్తి చూపించి, అప్పుడు డబ్బాలో వేశాడు. అలా చూపించమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు లెక్క. దుకాణం పుస్తకం రాసే ఎనిమిదో తరగతి అమ్మాయి (ఈ పిల్ల ఆడిటర్ అవుతుందని రాసిపెట్టుకోండి) డబ్బాలో పడ్డ "రేపు ఇస్తాను" చీటీలన్నీ ఏరి కూడింది. 610 రూపాయలు అక్కడే తేలాయి. అన్నీ 500 నోటుతో వచ్చి, చిల్లర లేక అరువు పెట్టి, ఆ తర్వాత మర్చిపోయిన పిల్లలవే. మీరు అనుమానించిన పిల్లలది ఒక్క చీటీ కూడా లేదు. మిగతా 30 కోసం తను ఇంకా వెతుకుతోంది, వదిలెయ్యమ్మా అంటే వినదు. అయినా ఐదో తరగతి పిల్లల జేబులో 500 నోటు ఎందుకో నాకు అర్థం కాదు. పది రూపాయలిచ్చి పంపండి, దయచేసి.

ఈ విషయంలో నాకు కాస్త ఓపిక తక్కువ. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకి ఉచితంగా ఇచ్చే ఆ 25 శాతం సీట్లు 2009 విద్యా హక్కు చట్టం ఇచ్చినవి, మనలో ఎవరి దానమూ కాదు. "చాలామంది మనుషుల్ని నమ్మొచ్చా?" అని ప్రపంచవ్యాప్తంగా సర్వేలు చేస్తుంటారు. డెన్మార్క్, నార్వేల్లో పదిమందిలో ఆరుగురికి పైగా నమ్మొచ్చు అంటారు. ఆదాయాల్లో తేడా తక్కువున్న చోట ఈ నమ్మకం ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మన ఊళ్లో బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లకీ జాలరిపేటకీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే, కానీ ఆ పిల్లలూ ఈ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోకపోతే ఇంకెక్కడ కలుస్తారు? తెలియని మనిషి మీదకే కదా అనుమానం ముందు పోయేది.

మొన్న అసెంబ్లీలో తొమ్మిదో తరగతి అబ్బాయి 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ ప్రచురించిన కోతుల ప్రయోగం చెప్పాడు. కోతి తన చేతిలోని చిన్న రాయిని మనిషికి ఇస్తే బదులుగా దోసకాయ ముక్క ఇస్తారు, అది హాయిగా తింటుంది. అదే పనికి పక్క కోతికి ద్రాక్షపండు ఇవ్వడం చూసిందా, ఇక దోసకాయ వద్దంటుంది, ఒక్కోసారి విసిరికొడుతుంది. మావాడు ఆ విసరడం కూడా నటించి చూపించాడు, చాక్‌పీసు వచ్చి పీఈటీ సార్‌కి తగిలింది. అంత నవ్వులోనూ ఒకటో తరగతి పిల్ల లేచి "రెండిటికీ ద్రాక్షే ఇవ్వొచ్చుగా సార్" అంది.

ఫీజు రెండో విడత, అరకు ట్రిప్ అనుమతి పత్రాలు శుక్రవారం లోగా. యూనిట్ టెస్టుల టైంటేబుల్ డైరీలో అంటించాం, చూడండి. గేటు ముందు కార్లు రెండు వరసలు పెట్టకండి, ఆటోల్లో వచ్చే పిల్లలు రోడ్డు మధ్యలో దిగాల్సి వస్తోంది.

దుకాణం గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు శనివారం పది నుంచి పన్నెండు మధ్య నా గదికి రండి, పుస్తకం, చీటీలు టేబుల్ మీదే ఉంటాయి. మీ పిల్లల చీటీ ఉంటే ఆ డబ్బులు చిల్లరగా తెచ్చివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు