తలుపు వేసి మాట్లాడే డాక్టర్ ఎక్కడ?

సంపాదకులకు,

ప్రపంచ జనాభా దినోత్సవం ర్యాలీ ఫొటోలు మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. అప్పుడే రాద్దామనుకున్నాను, మోకాళ్ల నొప్పులతో కుదరలేదు. నర్సింగ్ పిల్లలను ముసురులో వరసగా నిలబెట్టి, ముందు అధికారులు బ్యానర్ పట్టుకుని నవ్వుతున్నారు. ఏటా జూలై 11న ఇదే తంతు. సరే, ఆ బ్యానర్ చూసి ఎవరైనా ఆడపిల్ల నిజంగానే 'ఇప్పుడే పిల్లలు వద్దు, ఏం వాడాలి?' అని దగ్గర్లోని దవాఖానకు పోతే ఏం జరుగుతుందో ఆ నవ్వే సార్లలో ఒక్కరైనా ఓపీ చిట్టీ రాయించుకుని నిలబడి చూశారా?

నేను ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ప్రభుత్వ నర్సుగా, చేసి రిటైరైనదాన్ని. ఈమధ్య మా బంధువుల అమ్మాయికి తోడుగా ఓ దవాఖానకు పోయాను. దాని పేరు రాయను. రాస్తే పాపం అక్కడి నర్సమ్మ మీద పడతారే తప్ప పైవాళ్లకు ఏమీ కాదు. అమ్మాయికి తొలి కాన్పు, సిజేరియన్, బిడ్డకు ఏడు నెలలు. డాక్టరమ్మ టేబుల్ చుట్టూ అయిదారుగురు మూగి ఉన్నారు. షుగర్ రిపోర్టు పట్టుకున్న ఒకాయన అయితే ఈ పిల్ల భుజం మీదుగా వంగి నిలబడ్డాడు. గదిలో కర్టెన్ లేక కాదు. ఉంది, రాడ్‌కు ఒక పక్కకు ముడి వేసి ఉంది. ఆ ముడి నల్లగా మాసి ఉంది, విప్పి ఎన్నాళ్లయిందో. అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. డాక్టరమ్మ తలెత్తకుండానే, "ఏంటీ, లూపా? ఒక్కరేనా పిల్లలు? ఇంకొకరిని కనేసి ఆపరేషన్ చేయించుకో, పో" అని వరండాలోకి వినపడేటట్టు అంది. షుగర్ ఆయన కూడా అవునన్నట్టు తలూపాడు, ఆయన్నెవరు అడిగారో! ఆటో ఎక్కేదాకా ఆ పిల్ల నోరు విప్పలేదు.

చెప్పడానికి మనసుండాలిగానీ చెప్పాల్సినవి తక్కువున్నాయా? లూప్ అంటే గర్భసంచిలో పెట్టే కాపర్-టీయే; అందులో 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, 375 రకం అయిదేళ్లు. వద్దనుకున్న రోజు తీసేయించుకోవచ్చు. మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షన్ ఉంది. 'ఛాయ' బిళ్ల ఉంది. అది మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది, అందులో హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. ఇవన్నీ సర్కారు ఉచితంగా ఇచ్చేవే. అంతర వేయించుకుంటే నెలసరి తారుమారవుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. మానేశాక కడుపు రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఈ రెండు ముక్కలు ముందే చెబితే ఆడవాళ్లు నిబ్బరంగా ఉంటారు. చెప్పకపోతే రెండో నెలకే 'ఇంజెక్షన్ వికటించింది' అని వాడంతా టాంటాం.

మనవాళ్లకు ఎంతసేపూ ఆపరేషనే. ఏడాదికి ఇన్ని ఆపరేషన్లు చేయాలనే టార్గెట్లు ఎత్తేశామని 1996లోనే కేంద్రం ప్రకటించింది. కాగితం మీద ఎత్తేశారుగానీ బుర్రల్లోంచి ఎత్తెయ్యలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశం మొత్తం మీద పెళ్లయిన జంటల్లో ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకున్నవి 37.9 శాతం, మగవాళ్లు చేయించుకున్నవి 0.3 శాతం. మన తెలంగాణలో ఆడవాళ్ల లెక్క దేశ సగటుకు చాలా పైన. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ఆపరేషన్ల క్యాంపులో ఒక్కరోజే 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. మగవాళ్లకు కోత, కుట్టు లేకుండా పావుగంటలో అయిపోయే వేసెక్టమీ ఆపరేషన్ ఉండగా ఇన్ని కడుపులు కోయడం ఎందుకు? మేం పనిచేసిన రోజుల్లో వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మగవాళ్లు దానికి ముందుకొచ్చేవాళ్లు. అది మనకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ మాటెత్తితే డాక్టర్లే నవ్వుతున్నారు. ఆపరేషన్‌కు భాగస్వామి సంతకం అవసరం లేదని కేంద్రం మార్గదర్శకాల్లో ఉన్నా, మొగుడు రానిదే ఫారం ముట్టుకోని సిబ్బంది ఉన్నారు.

ఇక పెళ్లికాని పిల్లల గతి అడగొద్దు. వాళ్లు నోరు తెరిస్తే మొదటి ప్రశ్న 'పెళ్లయిందా?', రెండోది 'మీ అమ్మ ఏది?' మేజర్ అయిన అమ్మాయి గర్భస్రావం చేయించుకోవాలంటే ఆమె సమ్మతి ఒక్కటి చాలు. పెళ్లికానివాళ్లకూ 24 వారాల దాకా ఆ హక్కు వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఢిల్లీ నుంచి మా ఓపీ గది దాకా బండి దొరికినట్టు లేదు. అందుకే హాస్టల్ పిల్లలు మెడికల్ షాపుకు పోతున్నారు. అక్కడ ప్రశ్నలుండవు. 72 గంటల లోపు వేసుకోవాల్సిన అత్యవసర మాత్రను నెలనెలా మామూలు మాత్రలా కొంటున్నారు. కడుపు పోయే మాత్రల కిట్టు కూడా చీటీ లేకుండానే నల్ల కవర్లో చేతికొస్తుంది. రక్తం ఆగకపోతే మాత్రం మళ్లీ వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికే పరుగు.

మగపిల్లలకు ఆ మాత్రం దారి కూడా లేదు. మూత్రంలో మంట, చీము అంటే ఊళ్లో ఆర్ఎంపీ ఏదో సూది పొడుస్తాడు. పెద్ద ప్రభుత్వ దవాఖానల్లో ఇలాంటి జబ్బుల కోసమే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయని, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే డబ్బుల్లేకుండా సలహా ఇస్తారని ఎంతమంది కుర్రాళ్లకు తెలుసు? హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా గోడల మీద 'గుప్త రోగాలు, బలహీనత, గ్యారంటీ వైద్యం' అన్న పోస్టర్లు మాత్రం పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఇలాంటి ప్రకటనలను నిషేధించే మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లోనే వచ్చింది. ఇంటిపన్ను నాలుగు రోజులు ఆలస్యమైతే గుమ్మం ముందు నిలబడే మున్సిపాలిటీవాళ్లకు ఆ గోడలు కనపడవు.

2023 మార్చి 8న కరీంనగర్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'ఆరోగ్య మహిళ' పథకం మొదలుపెట్టినప్పుడు నేనైతే సంతోషించాను. మంగళవారం మంగళవారం ఆడవాళ్లకే ఓపీ, చూసేది ఆడ డాక్టర్లే అన్నారు. మొన్న ఆ మాటెత్తితే మా దగ్గరి సిబ్బంది "అదెప్పటిదో అమ్మా" అన్నారు. నేను చెప్పిన ఆ దవాఖాన వరండాలోనే గోడకు తగిలించిన నిరోధ్ (కండోమ్) డబ్బాకు తాళం. తాళంచెవి ఉన్నతను డెప్యుటేషన్ మీద వేరే మండలానికి పోయాడట. 1952లోనే, ప్రపంచంలో అందరికంటే ముందు, కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా పెట్టుకున్న దేశం మనది!

డాక్టరమ్మ ఒక్కదాన్నే తప్పుపట్టను. అంత ఓపీకి ఒక్కరిని వేస్తే ఎవరైనా విసుక్కుంటారు. కానీ ఒక మూల గదిలో, వారానికి ఒక్క పూట, ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టి తలుపు వేయడానికి కోట్లు అక్కర్లేదు. మీ విలేకరులు ర్యాలీలకు కాకుండా, పేషెంట్లలాగా ఓ నాలుగు దవాఖానలకు పోయి చూడమని నా మనవి. ఆడవిలేకరిని పంపండి, ఇంకా బాగా తెలుస్తుంది. ఇంకో మాట. ఆ గోడల మీది 'గ్యారంటీ వైద్యం' మీ క్లాసిఫైడ్స్ పేజీలో కూడా వారం వారం కనబడుతోంది. ఆ డబ్బు వదులుకోగలిగితే ఈ లేఖ వేయండి. వదులుకోలేకపోయినా వేయండి.

- ఒక విశ్రాంత ఏఎన్‌ఎం, హనుమకొండ