ఆ రోజులు ఎవరి ఒంటి మీద పడతాయి

చిరంజీవి హారికకు,

అమ్మ ఆశీస్సులు. అణు రాకెట్ ఇంజిన్ మీద నువ్వు రాస్తున్న థీసిస్‌లో వ్యోమగాముల ఆరోగ్యం మీద ఒక అధ్యాయం పెడతానంటే మీ ల్యాబ్‌లో కొందరు వద్దన్నారని చెప్పావు. "మన పని ఇంజిన్, మనుషుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు" అన్నారట. ఆ రోజు ఫోన్‌లో నేనేమీ అనలేదు. నీ చదువు గురించి పూర్తిగా తెలుసుకోకుండా సలహా చెప్పడం నాకిష్టం లేదు. నువ్వు పంపిన పేపర్లన్నీ ప్రింట్ తీయించి మీ నాన్నా నేనూ కూర్చుని చదివాం. రియాక్టర్ భాగం ఆయన నాకు చెప్పారు, శరీరం భాగం నేను ఆయనకి చెప్పాను. చదివాక నా అభిప్రాయం గట్టిపడింది. ఆ అధ్యాయం ఉండాల్సిందే.

ఎందుకో చెప్తాను. నీ ఇంజిన్‌లో మంట ఉండదు, రియాక్టర్ వేడికి హైడ్రోజన్ రెండు వేల డిగ్రీలు దాటి కాగి వెనక్కి దూసుకుపోతుంది, అంతే కదా. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే మంచి రాకెట్‌కి స్పెసిఫిక్ ఇంపల్స్ (ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) 450 సెకన్ల దగ్గర ఆగిపోతే, దీనికి 800 పైనే వస్తుందని రాశావు. ఇది నాన్న స్కూటర్ భాషలో చెప్పారు, అదే ట్యాంకుకి రెట్టింపు మైలేజ్ అని. సరే, ఆ రెట్టింపు వల్ల చివరికి మనకి మిగిలేది ఏమిటని అడిగాను. "రోజులు" అన్నారు. అంగారకుడికి వెళ్లే దారిలో గడిపే రోజులు తగ్గుతాయి. లేదా అదే సమయంలో ఎక్కువ బరువు తీసుకెళ్లొచ్చు. ఆ తగ్గే రోజులు ఎవరి ఒంటి మీద తగ్గుతున్నాయి మరి? నీ ఇంజిన్ ఎందుకు కావాలో చెప్పే కారణమే మనుషుల శరీరంలో ఉంటే, ఆ శరీరం నీ థీసిస్‌కి బయటి విషయం ఎలా అవుతుంది?

ముందు రేడియేషన్. ఇది మీ నాన్నకి బాగా తెలిసిన లెక్క. అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీలో పనిచేసినంత కాలం చొక్కాకి టీఎల్‌డీ బ్యాడ్జి, అదే రేడియేషన్ కొలిచే బిళ్ల, పెట్టుకునే తిరిగారు, చిన్నప్పుడు నువ్వు దాన్ని మెడల్ అనుకునేదానివి. రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లకి మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత అది). క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్తున్నప్పుడు దారిలో కొలిచింది రోజుకి దాదాపు 1.8. రానూ పోనూ ప్రయాణానికే సుమారు 660 అవుతుందని 2013లో లెక్క తేల్చారు. నాన్న కాగితం మీద భాగించి చూపించారు. ఇక్కడ 33 ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి, ఏ ఏడాదీ తక్కువ లేకుండా పరిమితి అంచునే నిలబడితే వచ్చేంత మొత్తం అది. (నిజానికి ఫ్యాక్టరీలో ఎవరికీ అంత రానివ్వరు.) నాసా తన వ్యోమగాములకి మొత్తం ఉద్యోగ జీవితానికి పెట్టుకున్న పరిమితే 600. నీ ఇంజిన్ దారిలో 60 రోజులు తగ్గిస్తే, వందకి పైగా మిల్లీసీవర్ట్‌లు తగ్గినట్టు. అధ్యాయానికి మొదటి పట్టిక ఇదే అని నా ఉద్దేశం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాటేయకు. మనుషులు అంగారకుడి మీద దిగాక, భూమి మళ్లీ అనువైన చోటికి వచ్చేదాకా ఆగాలి. మామూలు పథకంలో ఆ ఆగడం 500 రోజుల దాకా ఉంటుంది. దారి రోజులు తగ్గితే చాలావరకు అవి అక్కడి రోజుల్లోకే వెళ్తాయి, ఇంటికి త్వరగా వచ్చినట్టు కాదు. కాబట్టి మొత్తం రోజులు తగ్గాయని రాస్తే తప్పు. ఏ రకం రోజులు తగ్గాయో రాయాలి. అంగారకుడి నేల మీద రేడియేషన్ దారిలో కంటే సుమారు మూడో వంతు, పైగా మన బరువులో 38 శాతం అక్కడ ఉంటుంది. తేలుతూ గడిపే రోజు వేరు, కాళ్ల మీద నిలబడే రోజు వేరు. ఈ తేడా ఇంజిన్ పట్టికలో కనిపించదు. నేను చెప్పగలిగిందల్లా ఈ తేడా గురించే.

నా ఉద్యోగమంతా మంచం మీది మనుషులతోనే గడిచింది కదా. ఐసీయూలో మూడు వారాలు పడుకున్న మనిషిని మొదటిసారి నిలబెట్టినప్పుడు ఆ మోకాళ్లు ఎలా వణుకుతాయో, ఇద్దరం పట్టుకున్నా భయంతో కళ్లు ఎలా పెద్దవవుతాయో రోజూ చూస్తాను. భారం లేకపోతే శరీరం ఎముకని, కండని దాచుకోదు. అంతరిక్షంలో తుంటి లాంటి బరువు మోసే ఎముకలు నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పలచబడతాయి. నేల మీద పెద్ద వయసు వాళ్లు ఏడాదిలో పోగొట్టుకునేది అక్కడ ఒక్క నెలలో పోతుంది. అందుకే స్పేస్ స్టేషన్‌లో రోజుకి సుమారు రెండు గంటలు వ్యాయామం చేయిస్తారు. భూమి మీద దీన్ని పరీక్షించడానికి మనుషుల్ని మంచం మీదే ఉంచుతారు. 2019లో జర్మనీలోని కొలోన్‌లో 60 రోజులు, తల వైపు 6 డిగ్రీలు కిందికి వంచిన మంచాల మీద వాలంటీర్లని పడుకోబెట్టారు. భోజనం, స్నానం అన్నీ అలాగే.

ఇది చదువుతుంటే నా పేషెంట్లే కళ్లముందు కదిలారు. మా వార్డులో ఎక్కువ భయపడేది కాళ్లలో రక్తం గడ్డకట్టడం గురించి. అందుకే లేవలేనివాళ్ల చేత కూడా పాదాలు ఆడిస్తూనే ఉంటాం. అంతరిక్షంలో ఒక వ్యోమగామికి మెడ దగ్గరి పెద్ద సిరలో గడ్డ కట్టిన సంగతి 2020లో వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ రక్తం కిందికి దిగదు కాబట్టి మెడలో నిలిచిపోయే అవకాశం ఉంది. ఏ లక్షణమూ లేదు, వేరే పరిశోధన కోసం స్కాన్ తీస్తుంటే బయటపడింది. భూమి మీది డాక్టర్లు చెప్తుంటే, స్టేషన్‌లో ఉన్న కొద్దిపాటి ఇంజెక్షన్లని పొదుపుగా వాడారు. తర్వాత సరుకుల నౌకలో మాత్రలు పంపారు. అంగారకుడి దారిలో సరుకుల నౌక రాదు, తల్లీ. మందుల పెట్టెలో ఏమేం ఉండాలో, ఎన్ని నెలలకి సరిపోవాలో, ఆ బరువుకి ఎంత ఇంధనం కావాలో అన్నీ ఒకే లెక్కలోవి. వ్యాయామ యంత్రం కూడా అంతే. దానికి బరువుంది, దాని మీద మనిషి పరుగెడితే నౌక అదురుతుంది, ఆ అదురు తగలకుండా మళ్లీ ఒక ఏర్పాటు కావాలి. ఇవన్నీ డాక్టర్లు ఒక్కరే ఎలా చూసుకుంటారు?

మనసు సంగతి మీద నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. వ్యాయామం ఎలా చేయాలో నేను పది నిమిషాల్లో నేర్పగలను. చేయాలనే కోరికని నేర్పలేను. దిగులు పట్టిన మనిషి కాలు కదపడు, కదపకపోతే బలం పోతుంది, బలం పోయాక దిగులు ఇంకా పెరుగుతుంది. 2010 జూన్ నుంచి 2011 నవంబర్ దాకా మాస్కోలో ఆరుగురిని 520 రోజులు మూసిన గదుల్లో ఉంచి అంగారక యాత్రలా నడిపించారు కదా, ఆ మార్స్-500 ఫలితాల్లోనూ ఇదే కనిపించింది. రోజులు గడిచేకొద్దీ కదలికలు తగ్గాయి, విశ్రాంతి గంటలు పెరిగాయి, కొందరికి నిద్ర వేళలు చెదిరాయి. అయితే ఆరుగురూ ఒకలా లేరు. ఇద్దరు దాదాపు ఏ ఇబ్బందీ లేకుండా గడిపారు, ఒకరిలో నిరాశ లక్షణాలు చాలా వారాలు కనిపించాయి. ఈ ఆరుగురికీ సగటు తీస్తే అందరూ ఓ మోస్తరుగా ఉన్నారని వస్తుంది. ఆ సగటు మనిషి ఆ గదుల్లో లేనే లేడు. నీ అధ్యాయంలో మనసుకి ఒక అంకె వేసి సమీకరణంలో పెట్టాలని నీకు అనిపిస్తుంది. దయచేసి పెట్టకు. ఎవరికి ఏమైందో విడివిడిగా రాయి.

ఇంకొకటి. మనుషులు నిజం చెప్పరు. అబద్ధాలాడతారని కాదు, చెప్తే నష్టం జరుగుతుందని భయపడతారు. తలనొప్పి ఉందని చెప్తే తర్వాతి యాత్రకి పంపరేమో అని వ్యోమగామి ఆలోచిస్తాడు. నొప్పి ఉందంటే డిశ్చార్జి ఆపేస్తారేమో అని నా పేషెంట్ "బాగానే ఉందమ్మా" అంటాడు. నేను ముఖం చూడను, మెట్టు ఎక్కేటప్పుడు చెయ్యి రెయిలింగ్‌ని ఎంత గట్టిగా పట్టుకుందో చూస్తాను. అంగారకుడి దారిలో అలా పక్కన నిలబడి చూసేవాళ్లు ఉండరు. మాట ఒకవైపు వెళ్లడానికే 20 నిమిషాలు దాటొచ్చు, ఫోన్ మాట్లాడుకోవడం కుదరదు. అందుకే నమ్మకం ముందే ఏర్పడాలి, నేల మీద ఉన్నప్పుడే. 1973లో అమెరికా వాళ్ల స్పేస్ స్టేషన్ స్కైలాబ్‌కి వెళ్లిన మూడో బృందం మీద పని ఊపిరాడనంతగా వేశారు. కొత్తవాళ్లకి అలవాటు పడే సమయమే ఇవ్వలేదు. వాళ్లు సమ్మె చేశారని ఇప్పటికీ రాస్తుంటారు, అది నిజం కాదు. భూమి మీది కంట్రోల్ వాళ్లతో మనసు విప్పి మాట్లాడారు, పని మళ్లీ సర్దారు, 84 రోజులు పూర్తిచేసి వచ్చారు. ఇంజినీర్లు నేర్చుకోవాల్సినది ఎంతో ఉంది అందులో.

ఇంతా చెప్పి, నాలుగు శాస్త్రాలూ నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. ఆ విషయంలో మీ ల్యాబ్ వాళ్ల భయం సరైనదే. అన్నీ పైపైన తెలిసిన మనిషి ఎవరికీ ఉపయోగపడదు. నీ పునాది ఫ్యూయల్ ఛానల్స్‌లో, అంటే రియాక్టర్ ఇంధనంలోని సన్నని దారుల్లో, హైడ్రోజన్ వేడెక్కడమే, అది నీకంటే బాగా ఎవరికీ తెలియకూడదు అన్నంత లోతుగా చెయ్యి. మిగతావాటి దగ్గరికి ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్లు: ఈ ఇంజిన్‌తో దారిలో ఎన్ని రోజులు, ఆ రోజుల్లో మనిషికి ఏమవుతుంది? ఎముకల వాళ్లనీ, రేడియేషన్ వాళ్లనీ, సైకాలజీ వాళ్లనీ అదే అడుగు. తిండి సంగతికి తార్నాకలో మన పోషకాహార సంస్థ ఉంది, వ్యోమగాముల వైద్యానికి బెంగళూరులో వాయుసేన వాళ్ల సంస్థ ఉంది. ముందే ఉత్తరాలు రాయి, డిజైన్ అంతా అయ్యాక వెళ్లి సంతకం అడిగితే వాళ్లకీ చిన్నతనంగా ఉంటుంది.

నీ ఇంజిన్ ఎగురుతుందా లేదా అని నీకు టెన్షన్ ఉందని నాకు తెలుసు. అమెరికాలో ఇలాంటి ఇంజిన్ పని 1955లో మొదలుపెట్టి, నెవాడా ఎడారిలో ఎన్నో రియాక్టర్లని నడిపి చూసి, 1973లో డబ్బు లేదని ఆపేశారు. తర్వాత మళ్లీ డ్రాకో అని ఇలాంటి ఇంజిన్ పథకమే పెట్టి, 2023లో నాసా కూడా అందులో చేరాక, 2025లో దాన్నీ ఆపేశారు. మన చంద్రయాన్-3లో ఒక్కొక్కటి ఒక వాట్ వేడినిచ్చే చిన్న అణు హీటర్లు రెండు వెళ్లాయంటేనే మీ నాన్న వారం రోజులు అందరికీ చెప్పుకున్నారు. అక్కడి నుంచి ఇంజిన్ దాకా చాలా దూరం ఉంది. అది నీ చేతిలో లేదు. కానీ నువ్వు ఆ అధ్యాయంలో మంచం పట్టిన శరీరం గురించి, మూసిన గదిలో మనసు గురించి రాసేది రాకెట్ లేకపోయినా పనికొస్తుంది. నా వార్డులో వాళ్లు ఎక్కడికీ ఎగరరు, అయినా వాళ్లకి కావాల్సింది ఆ లెక్కే.

డ్రాఫ్ట్ తయారైన మేరకి పంపు. ఎముకల భాగం నేను చూస్తాను, రేడియేషన్ భాగం నాన్న చూస్తారు, ఆయన ఎర్ర పెన్ను కొనుక్కొచ్చారు కూడా. దసరాకి వచ్చేటప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండేలా టికెట్ చూసుకో. మా వార్డులో అనుమతి అడిగాను, ఉదయం రౌండ్‌లో నా పక్కన ఉండొచ్చన్నారు. నోట్‌బుక్ తెచ్చుకో. పేషెంట్ల పేర్లు మాత్రం రాయకు.

వేళకి తిను.

అమ్మ
కుషాయిగూడ, హైదరాబాద్